బతికున్నోని పైసలు

మా పర్వతాలంత పిసినారోడు రాణిగంజ్ మొత్తంల ఇంకోడు లేడు. ఎంగిలిచేత్తోని కాకిని తోలని మనిషి. ఊకె అంటలేను, ఇరవై ఆరేండ్లు ఒక్కటే మోటర్ పంపుల దుకాన్ల, ఒక్కటే కౌంటర్ ఎనుక ఇద్దరం నిలబడ్డం. నా పేరు హరికిషన్. వాని గురించి చెప్పేటందుకు నాకంటె ఎక్కువ హక్కు వాని భార్య వసుధమ్మకు ఒక్కదానికే ఉన్నది. ఆమె నోరు తెరిచి చెప్పదు. అందుకె నేను చెప్తున్న. జెర కోపంగనే చెప్త, ఏమనుకోకుండ్రి.

వాళ్లు బొల్లారంల రెండర్రల కిరాయింట్ల ఉంటరు. వాడు పొద్దుగాల లోకల్ రైలు ఎక్కి సికింద్రాబాద్ల దిగుతుండె, ఆడికెల్లి రాణిగంజ్ దాకా నడక. ఎండైనా వానైనా నడకే. "ఆటోకు ముప్పై రూపాయలు పడేస్తే నీ కొంప మునుగుతదారా?" అని అడిగితే, "ముప్పై కాదు హరీ, రోజుకు ముప్పై పదిహేనేండ్లకు ఎంతైతదో నువ్వు లెక్కేసినవా?" అనెటోడు. నేనెందుకు లెక్కేస్త? నాకేం పనిలేదా? పది గంటలకు దుకాన్ల అందరం చాయ్ తాగుతుంటే వాడు నీళ్ల సీసా మూత తీసెటోడు. ఒక్క జత చెప్పులకు నాలుగుసార్లు కుట్టేయించిండు. ఐదోసారి పోతే చెప్పులు కుట్టేటాయన దండం పెట్టి, "అన్నా, దీంట్ల ఇంక కుట్టెటందుకు తోలు లేదు" అన్నడు.

పుట్టుకతోని పిసినారి గాదు వాడు, అది సుత చెప్పాలె. కొత్తల నాతోని సమానంగ చాయ్ తాగినోడే, సిన్మాలకు వచ్చినోడే. మా దుకాన్ల లూకా అని ఒక ముసలాయన ఉండె. అరవై ఎనిమిదేండ్ల మనిషి, నిచ్చెనెక్కి పై అరల నుంచి పంపు దించుతుంటే కాలు జారి కింద పడ్డడు. తుంటి ఇరిగింది. నలభై ఏండ్లు చాకిరి చేసినోనికి మా సేటు ఐదు వేలు చేతుల పెట్టి "ఇంటికి పోయి ఆరాం చెయ్" అన్నడు. ఆయనను ఆటోల పండబెట్టి పంపించినం. ఆ రోజు పర్వతాలు అన్నం డబ్బా మూత సుత తియ్యలే. "హరీ, యాభై అయిదు దాటినంక నేను నిచ్చెన ఎక్క. ఎవ్వనికీ సలాం కొట్ట. ఏం జేసైనా సరే" అన్నడు. నేను నవ్విన. పేదోళ్లం, సలాం కొట్టకపోతె ఎట్ల బతుకుతం?

వాడు నవ్వలే. సామాను చుట్టెటందుకు దుకాన్ల పాత పేపర్లు ఉంటయి గదా, అండ్ల పైసల ముచ్చట రాసే పేజీ చింపి మడిచి జేబుల పెట్టుకునుడు షురూ చేసిండు. ఏడాది తిరిగేసరికి మ్యూచువల్ ఫండ్ల గురించి మా సేటుకే పాఠం చెప్పెటంత అయిండు. ఏజెంటుకు కమీషన్ ఎందుకియ్యాలె అని, తనే ఫండోళ్ల ఆఫీసుకు పోయి ఫారాలు నింపి సంతకం పెట్టి వచ్చెటోడు. వచ్చే జీతంల మూడోవంతు అటే పోయేది. ఆ పైసలకు వాడు పెట్టుకున్న పేరు ఆజాదీ. "ఆజాదీకి ఇంక తొమ్మిదేండ్లురా", "ఆజాదీకి ఇంక ఆరు" అనుకుంట గడిపిండు.

మరి ఇంట్లె ఆమె సంగతి? నెలకు ఏడు వేలు చేతిల పెడుతుండె, అండ్లనే ఉప్పూ పప్పూ పండుగా పబ్బం. ఎండాకాలం కూలర్ కొందామంటె "ఆజాదీ వచ్చినంక." చెల్లె పెండ్లికి పట్టుచీర అంటె "ఆజాదీ వచ్చినంక." పెండ్లయిన ఆరేండ్లకు కడుపు పండకపోతె, డాక్టర్ దగ్గరికి పోదాం అన్నదట వసుధమ్మ. పరీక్షలకే ఇరవై వేలు అన్నరట. "వచ్చే యేడు చూద్దాం" అన్నడట. ఆ వచ్చే యేడు ఎన్నడు రాలే. ఈ సంగతి నాకు మొన్న మొన్ననే తెలిసింది. ముందే తెలిస్తె వాని చెంప పగలగొడుతుంటి, అబద్ధం ఎందుకు.

పోయిన ఆషాఢంల ఒకనాడు బిల్లు రాసుకుంట రాసుకుంట వాని చేతిల పెన్ను జారిపోయింది. "ఏందిరా?" అని తిరిగి చూసేసరికి మూతి ఒక పక్కకు గుంజుకపోయింది. పక్షవాతం. వయసు యాభై మూడు. ఆజాదీకి ఇంక రెండేండ్లు.

సర్కారు దవాఖాన్ల పాపం వాళ్లు ప్రాణం నిలబెట్టిండ్రు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. బీపీ గోళీలు మింగుతున్నడా అని డాక్టర్ అడిగితె వసుధమ్మ తల కిందికేసుకున్నది. రోజు ఇడిచి రోజు మింగెటోడట. ముప్పై గోళీలు రెండు నెలలు వస్తయి గదా అని. నేను అక్కడ్నే నెత్తి కొట్టుకున్న. ఎన్ని రూపాయలు మిగిల్చినవురా గాడ్ది కొడకా?

మాట సుత పోయింది. ఒక్కటే ఒక్క మాట మిగిలింది, "వద్దు." నీళ్లు కావాలన్నా వద్దు, దుప్పటి కప్పుమన్నా వద్దు. మెదడుల దెబ్బ తగిలినంక కొందరికి గట్ల ఒక్క మాటే ఉండిపోతదట, అది వాళ్లు కావాలని అనెటిది గాదట, డాక్టర్ చెప్పిండు. జన్మంత అన్న మాట, ఇంకేం మిగుల్తది అనుకున్న నేను. ఆ డాక్టరే ఇంకోటి చెప్పిండు. మొదటి ఆరు నెలలే ముఖ్యం, ఆ లోపట రోజూ కసరత్తు చేయిస్తె, మాట నేర్పిస్తె, నడిచే మనిషైతడు. ఆరు నెలలు దాటితె కష్టం. బోయిన్‌పల్లి దిక్కు గసొంటి సెంటర్ ఉన్నది, ఆడనే ఉంచుకుంటరు, నెలకు యాభై ఐదు వేలు.

వసుధమ్మ ఇంటికొచ్చి సందూక తెరిచి ఫైల్ నా ముందల పెట్టింది. "అన్నా, ఇది ఎంతనో జెర చూడు." చూసిన. మల్ల చూసిన. నలభై ఒక్క లక్షలు. ఆమె గోడకు ఒరిగి కూసుని, నవ్వుకుంట ఏడ్చింది. "తిట్టుకున్న అన్నా ఆయనను, ఎన్నిసార్లు తిట్టుకున్ననో. ఈ రోజు కోసమే దాచిండు చూడు" అన్నది. నేను సుత మనసుల వానికి దండం పెట్టిన.

గంతే, ఆ సంతోషం ఒక్క రాత్రే.

ఫండోళ్ల ఆఫీసుకు పోతె, "పైసలు తియ్యాలంటె ఆయన సంతకం కావాలె" అన్నరు. కుడి చెయ్యే లేదాయె. ఖాతాల వసుధమ్మ పేరు సుత కలిపి ఉంటె ఆమె తియ్యొచ్చట. కలపలే వాడు. పేరు కలిపితె చీరకో గొలుసుకో తీస్తదని భయం కావచ్చు. ఏజెంటు ఉంటె ఏదన్న దారి చూపిస్తుండె, ఏజెంటూ లేడు. ఫోన్లకెల్లి తీద్దామంటె వానిది బటన్ ఫోన్. బ్యాంకుల సుత వాని పేరొక్కటే. ఆఖరికి ఒకాయన చెప్పిండు, ఏలిముద్ర ఏయించొచ్చు, కని ఆయనకు తెలివి ఉన్నదని, ఇష్టంతోనే ఏస్తున్నడని బ్యాంకోళ్లు ఇంటికొచ్చి చూసి రాసియ్యాలె. దాని కోసం తిరిగి తిరిగి నాలుగు నెలలు అయినయి. సెంటర్‌కు కట్టెటందుకు నా దగ్గర ఉంటె నేనిస్తుంటి. యాడున్నయి? బండి కిస్తులు, బిర్యానీలు, బిడ్డ పెండ్లి, అన్నిటికి ఊడ్చి పెట్టిన. వాడు దాచిండు, నేను దాచలే, ఇద్దరి జేబులు ఒక్క తీరే ఉన్నయి.

ఆరో నెలల బ్యాంకు నుంచి జెనిఫర్ మేడం వచ్చింది. మంచి మనిషి, చెప్పులు బయట ఇడిచి లోపటికొచ్చి మంచం పక్కన స్టూల్ మీద కూసున్నది. వసుధమ్మ వానికి గడ్డం గీసి, ఇస్త్రీ అంగి తొడిగి పెట్టింది. నేను గోడకు నిలబడి దేవునికి మొక్కుకుంటున్న.

"పర్వతాలు గారూ, మీ పేరు చెప్తరా?"

"వద్దు."

"సరే, తల ఊపుండ్రి చాలు. ఇది బొల్లారమేనా?"

తల ఊపిండు. నా పానం లేచి వచ్చింది.

"ఇది వరంగలా?"

దానికీ ఊపిండు.

"మీ వైద్యం కోసం మీ పైసలు మీ భార్యకు ఇయ్యమంటరా?"

వాడు మేడం దిక్కు చూసిండు, వసుధమ్మ దిక్కు చూసిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "వద్దు" అన్నడు. "వద్దు, వద్దు."

"మేడం, అది రోగం మాట, వాని మాట గాదు!" అని నేను ఒర్లిన. ఆమె తల దించుకున్నది. "నాకు తెలుసండీ. కని నేనేం రాయాలె? ఇష్టమే అన్నడని ఎట్ల రాయాలె?" కోర్టుకు పోయి భార్యను గార్డియన్‌గ పెట్టించుకోవాలె, ఏడెనిమిది నెలలు పట్టొచ్చు అన్నది.

"ఫారంల నామినీ నేనే కదమ్మా?" అన్నది వసుధమ్మ.

"నామినీ అంటె మనిషి పోయినంకమ్మా. బతికుండంగ నామినీకి హక్కుండదు."

వసుధమ్మ నోట్లె శని కూసున్నదో, పరేషాన్ల తెలియక అన్నదో. "పోయినంకైతె ఎన్ని రోజులకు ఇస్తరు?" అని అడిగింది.

జెనిఫర్ మేడం వాని ముఖం చూసి, మెల్లగ, "కాగితాలు సక్కగుంటె పదిహేను ఇరవై రోజులు" అన్నది. అంతా మంచం పక్కనే, వాని చెవులకు బారెడు దూరంల.

ఆ రాత్రికెల్లి వాడు నోరు తెరుస్తలేడు.

మొదట ఆకలి లేదనుకున్నం. రెండు రోజులు, మూడు రోజులు. గంజి చెంచా మూతి కాడికి తెస్తె పండ్లు బిగపడుతడు. బలవంతంగ పోస్తె చెంపల మీదికి కారుతది. నాలుగో నాడు నేను పోయేసరికి వసుధమ్మ వాకిట్ల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నది. "నా మాటే ఆయనను చంపుతున్నది అన్నా" అన్నది. "అట్ల ఎందుకడిగిన నేను? నా మనసుల లేదన్నా." గిన్నె కింద పెట్టి, "లేదని ఎట్ల చెప్పను? ఒక్క నిమిషం ఉండె. ఆయన పోతె కిరాయి కట్టొచ్చు అనుకున్న. నిజంగ అనుకున్న" అన్నది.

నాకు వాని మీద వచ్చిన కోపం ఇంతంత గాదు. లోపటికి పోయి, ఒంట్ల బాగలేని మనిషని సుత చూడకుండ అర్సిన. "ఏందిరా? ఇది సుత పొదుపేనా? చచ్చి లాభం చూపిస్తవా? ఆమెకు పైసలు కావాలని ఎవడు చెప్పిండురా నీకు? ఒక్క రోజన్న అడిగినవా ఆమెకేం కావాల్నో?" వాడు నన్నే చూసిండు. అర్థమై చూసిండో, ఊకె చూసిండో, బొల్లారానికి, వరంగల్‌కు ఒక్క తీరుగ తల ఊపినోని గురించి నేనేం చెప్పాలె? "వద్దు" అన్నడు.

"ఇరవై ఏండ్ల సంది అన్నీ ఆయనే అనుకున్నడు, ఆయనే చేసిండు" అన్నది వసుధమ్మ తలుపు కాడ నిలబడి. "ఇప్పుడు సుత నన్ను అడగలే."

బస్తీ దవాఖాన నుంచి నర్సు ప్రేమమణి వచ్చి ముక్కుల నుంచి పైపేసింది. దాంట్లకెల్లి పాలు, గంజి నీళ్లు పోసుడు. ఎడమ చేత్తోని పైపు గుంజి పడేసిండు. మల్ల ఏసింది. మల్ల గుంజిండు, ఈసారి నెత్తురొచ్చింది. గార్డియన్ కోసం కోర్టుల కేసేస్తె మా వకీలు మొన్ననే వాయిదా తెచ్చిండు, ఎండాకాలం సెలవులు అయినంక. డాక్టర్ చెప్పిన ఆరు నెలలు పోయిన అయితారమే నిండినయి. కసరత్తు లేక కుడి చెయ్యి కట్టె తీరు బిగుసుకున్నది.

"ఎడమ చెయ్యి కట్టెయ్యాలె, లేకపోతె పైపు ఆగదు" అన్నది ప్రేమమణి. వసుధమ్మ తన పాత చీర కొంగు చింపి పట్టీ చేసి నాకిచ్చింది. తనకు చేతులు రాలే. నేనే కట్టిన, మంచం కోడుకు, రెండు చుట్లు. వాడు గుంజలే, ఊకె నా ముఖం చూసుకుంట పండిండు. నేను చూడలేకపోయిన.

"వదులుగ కట్టినవ్ అన్నా" అన్నది వసుధమ్మ. "ఊడదీసుకుంటడు. గట్టిగ కట్టు."

ఇప్పి, గట్టిగ కట్టిన.