మూడు షిఫ్టుల మాత్ర

గవర్రాజు రోజూ పొద్దున్నే రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు. రెండింట్లోనూ చోడి అంబలే, రాగిపిండి కాచి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసినది. ఒకటి తనకు, రెండోది మా వీధి ఊడ్చే చిట్టమ్మకు. రాత్రి షిఫ్టు చేసి ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికి వచ్చినా ఆ గ్లాసు ఇచ్చాకే పడుకునేవాడు. చిట్టమ్మ తాగి, గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి, "సల్లగుండు నాయినా" అని చీపురు అందుకునేది. ఉక్కునగరానికి ఇవతల, గాజువాక పోయే దారిలో ఉంది మా వీధి. ఆ మాట చెవిన పడితేనే మాకు తెల్లవారినట్టు.

అతనిది భీమునిపట్నం దారిలో ఒక పల్లె. నాన్న కూరగాయలు పండించేవాడు. పదో తరగతి కాగానే పని కోసం నగరం వచ్చి, ఇనుప చుట్టలు దాచే ఒక ప్రైవేటు యార్డులో కూలీగా చేరాడు. కొన్నాళ్ళకు క్రేను నేర్చుకున్నాడు. పదహారేళ్ళుగా అతను పైన, నేను కింద. చుట్టకు స్లింగు తాడు తగిలించి నేను చేయి ఎత్తితే అతను లేపుతాడు, అరచేయి చాపితే ఆపుతాడు. నలభై అడుగుల ఎత్తున గదిలో కూర్చున్నవాడి మాట కిందికి వినపడదు. అందుకని కొక్కెం దిగే తీరును బట్టే అతని మనసు ఎలా ఉందో తెలుసుకునేవాణ్ణి. బాగున్న రోజున అది నిద్రపోయిన పసిపిల్లను పక్క మీదికి దించినంత మెల్లగా దిగేది.

నాలుగేళ్ళ కిందట అతనికి జబ్బు చేసింది. వారం రోజులు నిద్ర లేకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దిష్టి తీయించమన్నవాళ్ళు, తాయెత్తు కట్టించమన్నవాళ్ళు చాలామంది. భార్య గౌరీశ్వరి అందరికీ సరేనని చెప్పి, అతన్ని ఆటోలో మనోవైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. మనసు ఒకసారి ఎగిసి, ఒకసారి కుంగే జబ్బు ఇది, రోజూ రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకోవాలి, బాగున్నా మానకూడదు అన్నారాయన. మనిషి నెమ్మదిగా నిలదొక్కుకుని మళ్ళీ పనికి వచ్చాడు. ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే యార్డులో పని అని చెప్పాడు. క్రేను పేరు ఎత్తలేదు. ఎత్తితే దింపేస్తారని భయం. ఆ ఒక్క మాట అతను దాచుకున్నాడని అప్పట్లో నాకూ తెలియదు.

ఈ వేసవిలో చిట్టమ్మ గ్లాసు కాస్తా బకెట్టు అయింది. గవర్రాజు నాలుగింటికే లేచి పెద్ద గిన్నె నిండా అంబలి కాచి, పాలవాళ్ళను, ఆటోవాళ్ళను, బస్సు కోసం నిలబడ్డవాళ్ళను పిలిచి పోసేవాడు. వరసగా మూడు రోజులు సింహాచలం మెట్లెక్కి, అప్పన్న స్వామిని చూసి, నిద్ర లేకుండానే పనికి వచ్చాడు. వీధంతా మెచ్చుకుంది. నేనూ చేతులు జోడించాను. దేవుడు ఇతని మనసులో కూర్చున్నాడనుకున్నాను.

చిట్టమ్మ ఒక్కతే మెచ్చుకోలేదు. ఒకరోజు నన్ను ఆపి, "బాబూ, ఆయన నాకు అంబలి పోత్తన్నాడు గాని నా మొగం సూత్తం లేదు" అంది. "ఎప్పుడూ పిల్లాడికి జొరం తగ్గిందా, మోకాలు ఎలాగుంది అని అడిగీవోడు. ఇప్పుడు పోసీసి ఎల్లిపోతన్నాడు."

ఆ మాట విని తలూపి ఊరుకున్నాను. పట్టించుకోవలసింది.

ఆ వారమే జరిగింది. మిట్టమధ్యాహ్నం లారీ లోడు చేస్తున్నాం. చుట్టకు స్లింగు వేసి సరిచేస్తున్నాను. చేయి ఇంకా ఎత్తలేదు. తాడు బిగిసింది. ఎలా లాక్కున్నానో అప్పన్నకే తెలుసు, నా చేయి వచ్చింది గాని గ్లౌజు స్లింగు కింద ఇరుక్కుని చుట్టతో పాటు పైకి పోయింది. ఐదు వేళ్ళూ విప్పుకుని గాలిలో వేలాడుతున్న ఆ గ్లౌజును గవర్రాజు పైనుంచి చూశాడు.

చుట్టను నేల మీద పెట్టి, నిచ్చెన దిగి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సెయ్యి సూపించు బావా."

"ఉందయ్యా. ఐదు వేళ్ళూ ఉన్నాయి."

నమ్మలేదు. నా వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. తర్వాత సూపర్‌వైజరు ఉమామహేష్ దగ్గరికి వెళ్ళి, "బాబూ, నాను ఇయ్యాల క్రేనెక్కను" అన్నాడు. ఉమామహేష్ అతని ముఖం చూశాడు, నా చేయి చూశాడు. కారణం అడగలేదు. తర్వాతి షిఫ్టుకు రావలసిన ఆపరేటరుకు ఫోన్ చేసి ముందే రమ్మని, మమ్మల్ని టీ తాగి రమ్మన్నాడు. గసిరి పంపే హక్కున్నవాడు అంత మెత్తగా మాట్లాడాడు.

టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నాం.

"మాత్రలు మానీసావా గవర్రాజూ?"

"మాన్లేదు బావా. సర్దుకున్నాను." జేబులోంచి క్యాలెండరు కాగితం తీశాడు. తేదీల పక్కన ఎర్ర పెన్నుతో గుర్తులు. "రాత్రి ఏసుకుంటే పొద్దున్న దాకా మత్తు. అందికని ఎ షిఫ్టు వారం, పొద్దున్నే ఎక్కాలి కదా, సగం మాత్ర. మద్దేనం ఎక్కీ బి షిఫ్టుకి నిండు మాత్ర. రాత్రి సి షిఫ్టుకి లేదు."

"సి షిఫ్టుకి ఎందుకు లేదు?"

"రాత్రి ఏసుకోమన్నాడు కదా డాక్టరు. రాత్రంతా నాను క్రేను మీదుంటే ఎప్పుడేసుకుంటాను? పగలేసుకుంటే పన్సెయ్యదేమో అనుకున్నాను."

"ఎన్నాళ్ళయింది?"

"ఆర్నెల్లు."

"నువ్వు డాక్టరువని తెలీదయ్యా. తెలుత్తే నా నడుం నొప్పి కూడా నీకే సూపించుకుందును."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మొదట్లో బాగుండేది బావా. ఒళ్ళు తేలిపోయీది. నిద్దర్లేకపోయినా అలుపొచ్చీది కాదు. జబ్బే పోయిందనుకున్నాను."

"ఆయన్ని ఒక్క మాట అడగొచ్చు కదా, మత్తొత్తందని."

"అడిగితే ఏటి పని సేత్తన్నావంటాడు. క్రేనంటే దిగిపొమ్మంటాడు. నాకు అదొక్కటే వొచ్చు." టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. "ఇయ్యాల నీ గ్లౌజు పైకొత్తంటే, లోపల సెయ్యి ఉందనే అనుకున్నాను."

ఆరు నెలలూ అతను బుద్ధి లేక చేసిన పని కాదది. పని పోకుండా, మందు పోకుండా రెండూ నిలుపుకోవాలని ఒంటరిగా కూర్చుని లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్కలో అన్ని షిఫ్టులకూ చోటిచ్చాడు, అది చూడవలసిన డాక్టరుకు తప్ప. అతన్ని దేవుడు ఆవహించాడని చేతులు జోడించిన నాకు అతన్ని తప్పుపట్టే నోరు రాలేదు.

గౌరీశ్వరికి ఆ సాయంత్రం సగమే చెప్పాడు, మత్తుగా ఉంటోందని. ఆమె వెంటనే ఫోన్ చేసి మర్నాటికి డాక్టరు దగ్గర టోకెను తీసుకుంది. ముగ్గురం బస్సులో వెళ్ళాం. మా నంబరుకు ముందు ఇంకా ఇద్దరున్నారు. గౌరీశ్వరి మంచినీళ్ళ సీసా నింపుకురావడానికి లేచింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, గవర్రాజు క్యాలెండరు కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"బావా, ఒక సాయం సెయ్యాలి. లోపలికెళ్ళగానే 'మాత్రలు వేసుకుంటున్నారా' అంటాడాయన. 'ఏసుకుంతన్నానండి' అనీత్తాను. నోటికి అలవాటైపోనాది. గౌరి సెప్పలేదు, దానికి తెలీదు. నువ్వు లోపలికి రా. నాను అబద్దమాడితే అక్కడే ఆపు. షిఫ్టుల సంగతి సెప్పు, క్రేను సంగతీ సెప్పు. దింపీమన్నా పర్లేదు, క్రేను ఎక్కొచ్చా అని అడుగు. నా మొగం మాత్రం సూడకు బావా. సూత్తే నువ్వూ సెప్పలేవు."