విమానం కోసం ఆగిన పల్లవి

తొండుపల్లిలో ఒక రికార్డింగ్ స్టూడియో ఉంది. అక్కడైతే పాట బాగా వస్తుందని కట్టింది కాదు, ఎయిర్‌పోర్టుకు దగ్గరని కట్టింది. ముంబై నుంచో చెన్నై నుంచో గాయని దిగాలి, పాడాలి, మళ్ళీ విమానమెక్కాలి. సిటీలోకి పోయి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆవిడకు మూడ్ పాడవుతుందట. నెత్తి మీద విమానాలు లేస్తుంటే కింద పాట రికార్డు చేయాలన్న ఆలోచన ఏ తలకాయకు పుట్టిందో గాని, ఆ తలకాయకు ఒక దండం. గోడలకు స్పాంజి అంటించారు, కిటికీలకు బొంతల్లాంటి పరదాలు కట్టారు, తలుపు మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు కూడా పెట్టారు. విమానానికి చదువు రాదు.

ఆ స్టూడియోలో నా పని ట్రాక్ పాడటం. పెద్ద గాయని వచ్చేలోపు పాట మొత్తం నేను పాడి ఉంచాలి. ఆవిడ వచ్చి నా గొంతును చెవుల్లో పెట్టుకుని, నేను ఎత్తిన చోట ఎత్తి, దించిన చోట దించి, తన గొంతుతో పాడి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నా గొంతు తీసేస్తారు, గోడకు రంగు వేశాక నిచ్చెన తీసేసినట్టు. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. నేను పాడిన పాటలు పెళ్ళి బరాత్‌లలో మోగాయి, ఎన్నికల జీపుల్లో మోగాయి. ఒక్కదానిలోనూ నేను లేను.

పాట నేర్చుకున్నది మామిడిపల్లి చర్చిలో. మా స్టూడియోలో గిటార్ వాయించే ఆయనది కూడా అదే చర్చి, నేను అన్నా అని పిలుస్తాను. ఆదివారం పొద్దున దేవుడికి వాయిస్తాడు, సాయంత్రాలు ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో బ్లూస్ వాయిస్తాడు. బ్లూస్ అంటే బానిసలుగా బతికిన నల్లవాళ్ళ బాధల్లోంచి పుట్టిన సంగీతమని ఆయనే చెప్పాడు. అక్కడ వినేవాళ్ళ బాధ ఏమిటయ్యా అంటే, విమానం తప్పిపోవడం. చికెన్ ముక్క నములుతూ, ఫోన్ చూస్తూ, ఆ నల్లవాళ్ళ కష్టమంతా వింటారు. మధ్యలో ఎవడో లేచి హిందీ పాట అడుగుతాడు. మా అన్న అదీ వాయిస్తాడు. ఏ రోటికాడ ఆ రోటి పాట, మా బతుకులకు అంతకు మించి ముచ్చట లేదు. రాక్ అన్నప్పుడు జుట్టు ఊపాం, బ్లూస్ అన్నప్పుడు కళ్ళు మూసుకున్నాం, ఇప్పుడు జానపదం అంటున్నారు కాబట్టి మెడలో తువ్వాలు వేసుకున్నాం.

ఈ జానపదం పిచ్చి మా సంగీత దర్శకుడికి బాగా ముదిరింది. అందరం మాస్టారూ అంటాం. కోస్తా మనిషి, మాట మెత్తన, వెనక పిలక, చేతికి వెండి కడియం. పాట సేకరణకని ఒకసారి కారులో ఊళ్ళ మీదికి పోయి మధ్యాహ్నం భోజనానికల్లా తిరిగి వచ్చాడు. అప్పటి నుంచి నోరు తెరిస్తే మట్టి వాసన. ఏసీ జర తగ్గితే మాత్రం ఆ మనిషికి ఊపిరాడదు. జానపదం మీద అంత ప్రేమ ఎందుకో నాకు తెలుసు. ఎవరు కట్టారో తెలియని పాటను ఎవడు తీసుకున్నా అడిగేవాళ్ళుండరు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. బడంగ్‌పేట్‌లో మా కిరాయి ఇంట్లో నాతోనే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు కంకర మిషన్ దగ్గర పనిచేసింది. రోజంతా రాళ్ళు పగిలే చప్పుడులో ఉండీ ఉండీ ఎడమ చెవి పోయింది. ఇప్పుడు కుడి చెవీ పోతోంది. దవాఖానలో చూపిస్తే, ఇది ఇక తగ్గేది కాదు, రోజు రోజుకూ మూసుకుపోతుంది, చెవికి మిషన్ పెట్టినా చప్పుడు తెలుస్తుంది గాని ఎవరి గొంతో తెలియదు అన్నారు.

నేను పాడానని చెప్పిన ప్రతి పాటా అమ్మ విన్నది. విన్న ప్రతిసారీ అదే అడిగేది.

“గిండ్ల నీ గొంతు ఏడున్నది బిడ్డా?”

ఏం చెప్పను? ట్రాక్ అంటే ఏంటో ఒకసారి విడమరిచి చెబితే, మరి నువ్వు పాడుడెందుకు అంది. న్యాయమైన ప్రశ్న. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆ మానేయడమే నన్ను ఎక్కువ కాల్చింది. పక్కింటామెకైతే అనుమానం కూడా లేదు, నేను ఆ స్టూడియోలో ఊడ్చే పని చేస్తానని నలుగురికీ చెప్పింది. అనుకుంటే అనుకోనీ. నాకు కావలసింది ఒక్కటే. అమ్మ చెవి పూర్తిగా మూసుకుపోకముందు, బయటికొచ్చిన ఒక పాటలో నా గొంతు ఆమెకు వినిపించాలి. సిగ్గు విడిచి ఆ మాటే మాస్టారుతో అన్నాను.

అప్పుడే ఒక ఫోక్ రాక్ పాట మొదలైంది. పొలంలో కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడుకునే పాట. పుట్టింటి నుంచి బయల్దేరిన అన్న గుమ్మం దాకా రాకుండానే మళ్ళిపోయాడని చెల్లెలు దెప్పుతుంది. దానికి డ్రమ్స్, బేస్, మా అన్న గిటార్ తగిలించారు. పాడటానికి వచ్చే మేడమ్‌కు రెండు విమానాల మధ్య ఉన్న తీరిక కొంచెమే. పల్లవి, ముందు చరణాలు అయ్యేసరికి ఆవిడ వెళ్ళిపోవాలి. మాస్టారు నా తల మీద చెయ్యి పెట్టినంత పని చేశాడు.

“ఆఖరి చరణం నీదేనమ్మా. ఆవిడకెలాగూ టైముండదు. మాటిస్తున్నాను.”

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ కుడి చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పాను. అమ్మకు ఎంత వినిపించిందో గాని పక్కింటామెకు మొత్తం వినిపించింది.

మా దిక్కు మనుషులకు ఒక అలవాటుంది, అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. విమానం నెత్తి మీదికి వచ్చిందంటే మేము మాట్లాడుతున్న మాట అక్కడికక్కడ ఆపేస్తాం. అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. బేరం ఆడేవాళ్ళు ఆగుతారు, ప్రార్థన చేసే పాస్టరు ఆమెన్‌కు ముందు ఆగుతాడు, మొగుణ్ణి తిట్టే ఆడది కూడా తిట్టు సగంలో ఆపి, చప్పుడు పోయాక మిగతా సగం తిడుతుంది. ఎవరూ నేర్పింది కాదు. అరిస్తే గొంతు పోతుందని మాకు మేమే అలవాటు చేసుకున్నాం. బయటివాళ్ళు చూస్తే మతి లేనివాళ్ళనుకుంటారు.

రికార్డింగ్ రోజు మేడమ్ విమానం ముందే దిగిపోయింది. ఎప్పుడూ ఆలస్యమయ్యేది ఆరోజు మాత్రం ముందొచ్చింది. నేనింకా ట్రాక్ పాడలేదు. కారు గేటు దాటిందని కబురొచ్చేసరికి రికార్డిస్టు చెమటలు కక్కుతూ, ఒక్క టేకులో పాడెయ్ అక్కా అన్నాడు. పల్లవి అందుకున్నాను. రెండో పాదంలో ‘రాకనే’ అన్నాను, ‘పోతివి’ అనబోతుంటే నెత్తి మీద గుర్రుమని విమానం. అలవాటు చొప్పున ఆగాను. హెడ్‌ఫోన్లలో డ్రమ్స్ పోతూనే ఉన్నాయి. చప్పుడు దాటాక, తాళం అప్పటికే ముందుకు పోయింది గనక, వెనక నుంచి పరిగెత్తి ‘పోతివి’ని పట్టుకున్నాను. మళ్ళీ పాడతానంటే రికార్డిస్టు వద్దని, ఆ సందులో పడ్డ విమానం చప్పుడు మాత్రం చెరిపేశాడు. ట్రాకే కదా, మేడమ్ సరిగా పాడుకుంటుందిలే అన్నాడు. ఆ తర్వాత విమానం లేని సందు చూసుకుని, నాదనుకున్న ఆఖరి చరణాన్ని నా ప్రాణం పెట్టి పాడాను.

మేడమ్ వచ్చింది. ఫ్లాస్కులో వేడినీళ్ళు, మూతికి మాస్కు, చుట్టూ మర్యాదలు. ఆవిడకు తెలుగు రాదు. రాకపోవడం తప్పు కాదు, వచ్చినట్టు మొహం పెట్టడం తప్పు. పాటను తన లిపిలో రాసుకుని, నా ట్రాక్ పదే పదే విని, మైకు ముందు నిలబడింది. ‘రాకనే’ అంది. ఆగింది. మరిచిపోయిందనుకున్నాను. తర్వాత వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, అచ్చం నాలాగే, ‘పోతివి’ అంది.

అద్దం వెనక మాస్టారు కుర్చీలోంచి లేచాడు. గుండె మీద చెయ్యి. ఆ మౌనం చూశారా అన్నాడు. ఇదే బ్లూస్ అన్నాడు, మట్టిలోని మూగబాధ అన్నాడు. ఆ ఖాళీలో ఒక్క స్వరం సాగదియ్యమని మా అన్నకు చెప్పాడు. అన్న తీగను వంచి కుయ్యిమనిపించాడు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటే నవ్వొస్తుందని నేను పరదాను చూస్తూ కూర్చున్నాను. పల్లవి వచ్చిన ప్రతి చోటా దాన్నే కోసి అతికించారు, అంటే పాటలో ప్రతిసారీ ఆ విమానం పోతుంది, కనబడకుండా. చెప్పొచ్చు కదా అంటారేమో. ఎందుకు చెప్పాలి? పాటను పుట్టించిన మనుషులతో ఒక పూట గడిపి ఉంటే వాళ్ళకే తెలిసేది. పైగా పల్లవితో ఎంతసేపు కుస్తీ పడితే నా చరణానికి అంత మంచిది.

అన్నీ అయిపోయాయి, ఇక ఆవిడ లేవాలి. అప్పుడు ఫోన్ వచ్చింది. తిరుగు విమానం ఆలస్యమట. మేడమ్ మళ్ళీ కూర్చుని, ఇంకేం మిగిలిందని అడిగింది. మాస్టారు నా వైపు చూడలేదు. ఒక చరణం ఉందండీ అన్నాడు.

మా అన్న గిటార్ మీద చెయ్యి పెట్టి తీగల చప్పుడు ఆపాడు.

“మాస్టారూ, చెల్లెకు మాటిచ్చిండ్రు గదా.”

అన్నీ కుదరవండీ, మీరు వాయించండి అన్నాడు మాస్టారు, అదే మెత్తని గొంతుతో. అన్న తల వంచుకుని వాయించాడు. వాయించినందుకు అన్నను తిట్టుకున్నాను గాని, అక్కడి నుంచి లేచిపోని నన్ను నేనెందుకు తిట్టుకోలేదో తెలియదు. నా కళ్ళ ముందే, నా చరణాన్ని చెవుల్లో పెట్టుకుని, ఆవిడ దాన్ని కూడా తన గొంతులోకి ఎత్తుకుంది. నేను ప్రాణం పెట్టిన చోటల్లా పెట్టింది. తర్వాత రికార్డిస్టు నా గొంతు తీసేశాడు.

పాట విడుదలైంది. జనం ఎగబడ్డారు. అందరికీ నచ్చింది ఆ ఆగడమే. అమ్మాయిలు రీల్స్‌లో ‘రాకనే’ దగ్గర కళ్ళు మూసుకుని గాలిలో చెయ్యి ఆపుతారు, ‘పోతివి’ దగ్గర కన్నీరు కారుస్తారు. ఒక ఇంటర్వ్యూలో ఆ మౌనం గురించి అడిగితే మేడమ్ చాలాసేపు ఆలోచించినట్టు చూసి, పల్లె ఆడవాళ్ళు మింగిన మాట అది అని చెప్పింది. మింగిన మాటట! హోటల్లో కూడా ఇప్పుడు దాన్నే అడుగుతున్నారని అన్న చెప్పాడు. సొమ్మొకడిది సోకొకడిది అన్నాను నేను. ఊకో చెల్లె అన్నాడు. ఆయనకు తెలిసిన ఓదార్పు అంతే.

ఇంట్లో ఆ పాట పెట్టలేదు. అమ్మకు ఇప్పుడు తలుపు కొట్టినా వినిపించడం లేదు, నా పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటోంది. ఒక మధ్యాహ్నం తనే అడిగింది, ఆ పాట వచ్చిందంట గదా అని. పక్కింటామె చెప్పి ఉంటుంది, ఆమెకు తెలియనిది లేదు. ఎప్పటిలాగే ఇందులోనూ నేను లేనని చెప్పేద్దామనుకుని, ముందు విననీ అని ఫోన్ ఆమె కుడి చెవికి ఆనించాను.

అమ్మ మొహంలో ఏమీ లేదు. డ్రమ్స్ దడదడ మాత్రం తెలుస్తున్నట్టుంది, వేలు కదిలింది. పల్లవి వచ్చింది. ‘రాకనే’ దగ్గర పాట ఆగగానే అమ్మ తలెత్తి ఇంటి కప్పు వైపు చూసింది, పైన లేని విమానం దాటిపోయేదాకా ఆగింది, ‘పోతివి’ రాగానే తల దించి నన్ను చూసింది. కళ్ళు నిండిపోయాయి.

“ఇగో, నువ్వే. విమానం పోయేదాక ఆగినవు. ఇన్నేండ్లకు ఇనబడ్డవు బిడ్డా.”

కాదనాలి. అది నా గొంతు కాదు, నా ఆగడం మాత్రమే నాది. మేడమ్‌ను నేను తిట్టని తిట్టు లేదు, ఎదుటి మనిషి గొంతు మీద తన పేరు వేసుకుందని. అదంతా నోటి దాకా వచ్చింది.

“అవునమ్మా, నేనే” అన్నాను, ఆమెకు కనబడేలా పెదవులు బాగా కదిలించి.

అమ్మ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ కప్పు వైపు చూసింది, మళ్ళీ నవ్వింది. తర్వాత లేచి గుమ్మంలోకి పోయి పక్కింటామెను కేకేసింది, మా బిడ్డ పాట వచ్చింది, వచ్చి ఇను అని. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను సౌండ్ పెంచి ఫోన్ ముందుకు పట్టుకున్నాను, మేడమ్ పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి.