నాన్న మానేసిన సాక్ష్యం

నువ్వు చేసినవాటిలో మంచి పనేది అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. మంచిదాన్నే చూపించకూడదు మరి. నర్సీపట్నంలో ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను. అప్పట్లో పని ఇచ్చేది హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ. వాళ్ల ద్వారా ఒక పెద్ద ఆసుపత్రికి చేసిన వెబ్‌సైటే నా పనుల్లో మంచిది. ఎవరికి చేశానో బయట చెప్పనని వాళ్లకు సంతకం పెట్టాను. అందుకే కొత్త క్లయింట్లకు నా పని చూపించే పోర్ట్‌ఫోలియోలో ఆసుపత్రి పేరు చెరిపేసి, లోగో మసక చేసి, "ఒక పెద్ద ఆసుపత్రి" అని మాత్రం రాశాను. దానికీ పాస్‌వర్డ్ పెట్టాను. ఏజెన్సీ అంతవరకే ఒప్పుకుంది.

నాన్న వడ్రంగి. ఆయన పని దాస్తే దాగేది కాదు. గొలుగొండ వెళ్లే దారిలో బండి ఆపి మరీ "ఆ గుమ్మం నాదే" అని చూపించేవాడు. అలాంటి మనిషి ఒకరోజు నేను అసలు వెబ్‌సైట్ తెరిచి చూసుకుంటుంటే నా వెనక నిలబడి తెర మీద ఆసుపత్రి పేరు చదివాడు.

"ఇది నువ్వే సేసేవా?"

మురిసిపోయి అవునన్నాను. ఎవరికీ చెప్పొద్దనడం మర్చిపోయాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ నాన్న లేచాడు. దేవుడు చేసిన మేలు దాచుకోకుండా అందరి ముందూ చెప్పాలని మా వాళ్ల నమ్మకం. ఆసుపత్రి పేరు చెప్పి, "ఆ వెబ్‌సైటు మా అమ్మాయే సేసిందండి, దేవునికి స్తోత్రం" అన్నాడు. ఆ వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులోకి, అక్కణ్ణించి ఎవరి ఫేస్‌బుక్‌లోకో ఎక్కింది. వారం తిరక్కుండా ఏజెన్సీ నన్ను తీసేసింది.

నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీ నోట్లో నువ్వుగింజ నానదేటి నాన్నా? నేనేటి సేత్తన్నానని ఎవరడిగినా తెలీదని సెప్పు!"

"అలాగేలేమ్మా" అన్నాడు. అంతే.

ఆసుపత్రి పేరు తీసేసి చెప్పుకోవచ్చు నాన్నా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కోపంలో అనలేదు. రెండు నెలల్లో వేరే పని దొరికి కోపం పోయాక కూడా అనలేదు. ఆయన మళ్లీ నా వెనక వచ్చి నిలబడలేదు. నాకు అదే హాయిగా ఉండేది, సిగ్గు లేకుండా.

మొన్న వేసవిలో నాన్న గుండెపోటుతో పోయాడు. ఆదరణ కూడికకు ఇంటికి వచ్చిన సంఘపెద్ద గారు ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

"ఉద్యోగం ఏదైనా దొరికిందా అమ్మా?"

"నాకు పని ఉందండీ. మూడేళ్ల నుంచీ ఉంది."

ఆయన తెల్లబోయారు. "అదేటమ్మా! మీ నాన్నగారిని ఎప్పుడడిగినా 'నాకు తెలీదండి' అనేవోరు. సాక్ష్యానికి లేవడం కూడా మానేసేరు. నీకు పని లేక ఆయన సిన్నబోతన్నారని, ప్రతి శుక్రవారం నీ ఉద్యోగం కోసం ప్రార్థన సేసేవోళ్లం. అందరం ఆమెన్ అనేవోళ్లం. ఆయన మాత్రం తల వంచుకుని ఊరుకునేవోరు."