దిబ్బరొట్టె మీద రిహార్సల్

సాయంత్రం ఆరూ ఇరవైకి మా ఆయన దిబ్బరొట్టె ముందు కూర్చుని నాప్‌కిన్ ఒళ్లో పరుచుకున్నారు. ఎడమచేతిలో ఫోర్కు, కుడిచేతిలో చాకు. నేను పక్కన నిలబడి అడగాలి.

"హౌ వుడ్ యూ లైక్ ఇట్, సర్?"

"మీడియం రేర్."

"అడుగు మాడిపోయిందండీ. ఇంకెక్కడి రేర్?"

"నువ్వు జోకులెయ్యకే. అక్కడ ట్రాలీవాడు జోకులెయ్యడు."

అప్పట్లో ఆస్ట్రేలియాలోని క్రాన్‌బర్న్‌లో అద్దెకుండేవాళ్లం. రెండువేల సంవత్సరం వచ్చి మూడు వారాలైంది. కంప్యూటర్లు తేదీలు మర్చిపోతాయని, విమానాలు రాలిపోతాయని భయపడి, ప్రోగ్రాముల కోడ్ సరిచూడమని మా ఆయన్ని హైదరాబాదు నుంచి రప్పించారు. సంవత్సరం మారిన రాత్రి ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకు ఆఫీసువాళ్లు విందు ఇస్తామన్నారు. ఏమీ జరగలేదు కనక ఇక ఈయనతో పనేముందని కూడా అనుకుంటున్నారు. కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. పొడిగించకపోతే వీసా ఉండదు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవాలి. పొడిగించాల్సింది మేనేజరు. విందు ఇస్తున్నదీ ఆయనే.

విందు ప్రైమ్ రిబ్ రెస్టారెంట్లో. అక్కడ ఎద్దు పక్కటెముకల మాంసాన్ని పెద్ద దుంగలా కాల్చి, వెండి మూత ఉన్న ట్రాలీలో బల్ల దగ్గరికి తోసుకొచ్చి, ఎంత కాలిన ముక్క కావాలో అడిగి కళ్లెదుటే కోసి పెడతారు; లోపల ఎర్రగా, సగం పచ్చిగా ఉంటే మీడియం రేర్. మేం కోడి, మేక తింటాం. అది తినం.

"తిననని చెప్పేయొచ్చుగా?" అన్నాను.

"చెబితే టీమ్ మనిషి కాదనుకుంటార్ట."

ఆ మాట ఆఫీసులో ఎవరూ అనలేదు. మాకంటే ఆర్నెల్ల ముందొచ్చిన తెలుగు పెద్దమనిషి ఒకాయన అన్నాడు. ఆర్నెల్ల ముందొచ్చినవాళ్లే అప్పట్లో మాకు ఆస్ట్రేలియా. ఆర్డర్ చెయ్యాలి, కొయ్యాలి, మాట్లాడుతూ ఉండాలి, తినకూడదు అని దారి చూపించిందీ ఆయనే. దళసరిగా, పైన గట్టిగా, లోపల మెత్తగా ఉండేది మా వంటింట్లో దిబ్బరొట్టె ఒక్కటే. అందుకని వారమంతా అదే వండాను.

విందు రోజు బయట నలభై డిగ్రీల ఎండ. లోపల ఎర్రతోలు కుర్చీలు, గోడల మీద వేటకుక్కల పటాలు, రాజెయ్యని ఫైర్‌ప్లేస్. ఇంగ్లండు చలికాలాన్ని ఏసీ పెట్టి కాపాడుకుంటున్నారు.

నేను కూరగాయలు తెప్పించుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. భార్యలు ఏం తింటారన్నది కాంట్రాక్టులకు సంబంధించిన విషయం కాదు.

మా ఆయన తడబడకుండా "మీడియం రేర్" అన్నారు. పల్చటి ముక్క పెట్టించుకున్నారు. క్రికెట్ గురించి మాట్లాడుతూ కోశారు. మాంసంతో పాటు బోర్లించిన గిన్నెలాంటి ఉప్పటి పిండివంటకం ఒకటి పెడతారు. దాన్ని కూడా పుడ్డింగే అంటారు. ముక్కలన్నీ ఒక్కొక్కటిగా దాని కిందికి వెళ్లిపోయాయి.

ఎదురుగా కూర్చున్న మేనేజరు భార్య చూసింది.

"అయ్యో, పూర్ లవ్! అంతా తినేశాడు. ఎంత ఆకలి మీదున్నాడో!" అంటూ ట్రాలీని పిలిచింది.

ట్రాలీ అతను రెండో ముక్క కోశాడు. దానికి చోటు చెయ్యడానికి పట్టకారుతో పుడ్డింగు ఎత్తి పక్కన పెట్టాడు. కింద ముక్కలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. వారం రోజుల సాధన తెలుస్తూనే ఉంది.

"వాట్స్ దట్, మేట్?" అన్నాడు మేనేజరు.

"సర్, ఐ డోంట్ ఈట్ బీఫ్."

"మరెందుకు ఆర్డర్ చేశావ్?"

"ఎవ్రీవన్ ఆర్డర్డ్, సర్."

"ఫిష్ ఉంది కదా, మేట్!"

నిజంగానే ఉంది, మెనూ రెండో పేజీలో. మా రిహార్సల్ రెండో పేజీ దాకా వెళ్లలేదు.

బల్లంతా నవ్వింది. మేనేజరూ నవ్వాడు. నవ్వు ఆపి అడిగాడు. "ఇన్నాళ్లూ కోడ్ అంతా క్లీన్ అన్నావ్. అక్కడ కూడా పుడ్డింగ్ కింద ఏమైనా పెట్టావా?"

మా ఆయనకి ఏ విషయంలో జోకు నచ్చినా కోడ్ విషయంలో నచ్చదు. "నో సర్. కావాలంటే అంతా మళ్లీ చెక్ చేస్తాను," అన్నారు.

మిగతావాళ్లు మళ్లీ నవ్వారు. మేనేజరు నవ్వలేదు.

సోమవారం కాంట్రాక్టు పొడిగించారు, అంతా మళ్లీ తనిఖీ చెయ్యడానికి. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదని రిపోర్టు రాయడానికి ఇంకోసారి పొడిగించారు. అలా ఈ దేశంలో ఉండిపోయాం. బీఫ్ ఆర్డర్ చెయ్యబట్టే పని నిలబడిందని ఆ పెద్దమనిషి అందరికీ చెప్పుకున్నాడు. కాదనలేకపోయాం.

తర్వాత కూడా శనివారం సాయంత్రాలు దిబ్బరొట్టె వండితే మా ఆయన చాకూ ఫోర్కూ తెచ్చుకుని కూర్చునేవారు. నేను అడిగేదాకా ముట్టుకునేవారు కారు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి దాన్ని తినే పద్ధతే అదనుకుంది. పెళ్లయ్యాక అత్తగారింట్లో చాకు అడిగిందట.

ఆయన పోయి ఒక వేసవి గడిచింది. పిండి రుబ్బడానికి నాకు ఓపిక లేక కాదు. మూకుడు నిండా వేస్తేనే అది దిబ్బరొట్టె, ఒక్క మనిషికని కొంచెం వేస్తే అట్టు అవుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు దిబ్బరొట్టె వండటం లేదు.