మా గుడి తొట్టిలో కాళీయుడు

మాస్టారు పోయారు. ఈ బెంగాలీల ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా తెలుగు గుడికి ఆ కబురు సాయంత్రం ప్రవచనం మధ్యలో వచ్చింది. నేను గజేంద్రుడి కాలు మొసలి నోట్లో పెట్టి, ఇక హరిని పిలవబోతున్నాను. ఎవరో వచ్చి ముందు వరసలో చెవిలో చెప్పారు. ఆ వరస లేచింది. దాని వెనక వరస లేచింది. చివరికి మైకు ముందు నేనూ, మడుగులో ఏనుగూ మిగిలాం. బతికుండగా నా జనాన్ని తన వైపు తిప్పుకున్న మనిషి, పోతూ కూడా తిప్పుకుపోయాడని ముందు కడుపు మండింది. కళ్లలో నీళ్లు ఆ తర్వాత వచ్చాయి.

ఆయన మా రైల్వే తెలుగు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు పురాణాలు ఏ గురువూ చెప్పలేదు. డ్యూటీ అయ్యాక చేతుల గ్రీజు కడుక్కుని, పద్యం వెనక పద్యం నోటికి పట్టాను. గొంతు మాత్రం దేవుడిచ్చాడు, ఎక్కడో ఉన్న పూరీ గేట్ దాకా వినబడుతుంది. మాస్టారికి ఆ గొంతు కూడా లేదు. క్వార్టర్ మెట్ల మీద కూర్చుని గొణిగినట్టు మాట్లాడేవారు. వినాలంటే దగ్గరికి జరగాలి. జనం జరిగేవారు. చదువరులారా, అరిచేవాడికి గొణిగేవాడి మీద ఎంత అసూయ ఉంటుందో మీకు తెలియదు.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకి టీ వడగట్టే జాలీ ఉండేది. సైకిల్ బుట్టలో ఒక తెల్ల పింగాణీ గిన్నె. ఏ వాకిట్లో నీళ్లు నిలిచి కనబడితే అక్కడ దిగి, జాలీతో దేవి, గిన్నెలో బోర్లించి, ఇంటివాళ్లను పిలిచి చూపించేవారు. తెల్లటి అడుగు మీద దోమపిల్లలు మెలికలు తిరిగేవి. బెంగాలీల ఇళ్ల ముందు "దీదీ, జల్ ఫేలే దిన్" అనేవారు, అక్కా, నీళ్లు పారబొయ్యండి అని. అంతే. తిట్టడం లేదు, నరకం పేరెత్తడం లేదు. ఆ దీదీ వెంటనే నీళ్లు పారబోసేది. నేను నరకాలన్నీ వర్ణించినా నా వాళ్లు గుట్కా మానలేదు.

ఒక ఆదివారం గుడిలో ఆయన పిల్లలను అడిగారు, మనుషులకు అన్నిటికంటే ప్రమాదమైన జంతువు ఏదని. పిల్లలు పులి అన్నారు, నాగుపాము అన్నారు. అడవి వైపు నుంచి మందలు పొలాల్లోకి దిగిన ఏడాది కాబట్టి ఏనుగు అన్నవాళ్లూ ఉన్నారు. మాస్టారు బడిలో లాగే మార్కులు వేశారు. ఫస్టు దోమకి. దాని కింద పాము, పిచ్చికుక్క. పులికీ ఏనుగుకీ పాసు మార్కులు కూడా రాలేదు.

"పులి పేపర్లోకి ఎక్కుతాది. దోమ మంచం ఎక్కుతాది" అన్నారు.

నేను ఊరుకోలేదు. లేచి, అన్నిటికంటే ప్రమాదమైన జంతువు మనిషేనని గర్జించాను. చప్పట్లు మోగాయి. మాస్టారు కూడా కొట్టారు. కొట్టి, "అది నీ డిపార్టుమెంటయ్యా, నాది దోమ" అన్నారు. చప్పట్ల కంటే నవ్వులు పెద్దగా వినిపించాయి.

పాము మాట వచ్చినా అంతే. పక్కనున్న ఖరిదా పేటలో ఎవరికో పాము కరిస్తే మంత్రం వేసే ఓఝా కోసం పరుగెత్తుతున్నారట. ఈయన వాళ్లను ఆపి రిక్షా ఎక్కించారు. "ఓఝా దగ్గరికి ఎల్లండి, నాను వద్దన్ను. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినాక ఎల్లండి" అన్నారు. నేను అక్కడ ఉంటే ఓఝాతో వాదం పెట్టుకునేవాణ్ణి. ఆ వాదం తెమిలేసరికి విషం తలకెక్కేది.

ఇక తొట్టి సంగతి. ఒక కృష్ణాష్టమికి నా భాగవత సప్తాహం. వర్క్‌షాపు రిటైర్డు మనుషులం కలిసి పాత రేకులు కోసి, రివెట్లు కొట్టి గుడి ముందు కాళింది మడుగు కట్టాం. రేకు కాళీయుడికి పడగలన్నీ నా చేత్తో అతికినవే. నీళ్లలో గంగాజలం కలిపి పూజ చేశాం. సప్తాహం ముగిసింది. పూజ చేసిన నీళ్లు కాళ్లు తొక్కే చోట పొయ్యకూడదని మా పెద్దల పట్టింపు. కార్తీక పున్నమి దాకా ఉంచి, అప్పుడు మోసుకెళ్లి నదిలో కలుపుదామనుకున్నాం. ఈలోగా వానలు. మా క్వార్టర్ల లైనులో ఇంటింటా జ్వరాలు. మా ఆవిడ డెంగ్యూతో ఆస్పత్రిలో పడింది. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు. నేను తొట్టి పక్కనే కూర్చుని పారాయణ చేస్తున్నాను.

మాస్టారు సైకిల్ దిగి, జేబులోంచి జాలీ తీశారు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"మాస్టారూ, అది తీర్తం. అందల జాలీ ముంచకండి."

ఆయన జాలీ మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "సరేనయ్యా. కిష్టుడు మడుగులో దిగి ఏటి సేసినాడో సెప్పు. నువ్వు బాగా సెప్తావు."

"పాముని మర్దించినాడు."

"మర్దించి?"

"సంపలేదు. సముద్రానికి పంపేసినాడు. నీళ్లు మంచివైనాయి, ఆవులు తాగినాయి."

"మరైతే ఆయన దిగింది పాము మీద కోపంతోనా, నీళ్ల మీద బెంగతోనా?"

ఇన్నేళ్లుగా నేను పడగల మీద తాండవం ఆడిస్తున్నాను తప్ప, నీళ్లు తాగిన ఆవు వైపు చూడనే లేదు. ఒక్క పద్యం సరిగ్గా రాని మనిషికి దొరికిన ఆ ప్రశ్న నాకు దొరకాల్సింది. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే గుండెలో చురుక్కుమంటుంది.

కాళ్లు తొక్కని చోటు కూడా ఆయనే చూపించారు, గుడి వెనక మారేడు చెట్టు మొదలు. అందరం బకెట్లతో మోశాం. అడుగున నల్లగా కదులుతున్నదేమిటో చూపించడానికి తెల్ల గిన్నె అక్కర్లేకపోయింది.

మా ఆవిడ బతికి ఇంటికి వచ్చింది. ఆవిడకి మళ్లీ జ్వరం తగలకుండా ఆ నీళ్లు తీయించిన మాస్టారికి నేను రుణపడింది అక్కడ. ఆవిడ మాత్రం తేల్చి చెప్పేసింది: "నీ మాటింటే మోచ్చం వస్తాదేమో గాని, మాస్టారి మాటింటే జొరం రాదు." అప్పటినుంచి ఆదివారం నా ప్రవచనం వేళకు ఆవిడ వాకిట్లో కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు ఒంపుకుంటూ ఉంటుంది. మాస్టారి మడుగు ప్రశ్నను నేను నా ప్రవచనంలో పెట్టుకున్నాను. గొంతెత్తి, ఆగి, సభంతా కలయజూసి అడుగుతాను. ప్రతిసారీ వెనకనుంచి ఎవరో ఒకరు "మాస్టారు సెప్పిందే గదా" అంటారు.

పదో రోజు సంతాప సభలో నన్నే మాట్లాడమన్నారు. గుడి ముందు చేరినంత మంది నా ఏ సప్తాహానికీ రాలేదు. ఏం చెప్పాలో తోచక, సభ మొదలయ్యేలోగా గుడి పెరట్లో కాళ్లు కడుక్కునే సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్లాను. అందులో గోరంత చేపలు తిరుగుతున్నాయి. దోమపిల్లలను తింటాయని మాస్టారు వదిలినవి. చేతిలో ఉన్న గుడి ప్రసాదం, చక్కెరపొంగలి, చిటికెడు నీళ్లలో వేశాను. చేపలు పైకి వచ్చాయి, మూతితో తాకాయి, వదిలేశాయి. మెతుకులు మెల్లగా అడుక్కి దిగుతున్నాయి. చేపలు వెనక్కి తిరిగి, నీడపట్టున సన్నగా మెలికలు తిరుగుతున్న దోమపిల్లలవైపు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.