పదకొండు మందిమి, తెరిచిన గేటు: అల్ రాయ్ నుంచి అమ్మాన్ దాకా

కువైట్ నుంచి అమ్మాన్‌కి రోడ్డు మీద వెళ్లొచ్చా అని పోయిన వారం ఒక పాఠకుడు అడిగారు. వెళ్లొచ్చు. నేను ఒకసారి వెళ్లాను. కాకపోతే అది ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఏడాది, బస్రా, బాగ్దాద్‌ల మీదుగా. ఆ దారి ఎవరికీ సిఫార్సు చెయ్యను. ఇప్పుడు వెళ్లేవాళ్లు వీసా సంగతి కనుక్కుని సౌదీ మీదుగా బయల్దేరండి. ఇది ఆ పాత ప్రయాణం సంగతి. మరచిపోకముందే రాసిపెట్టుకోవాలనిపించింది.

నేను అప్పుడు కువైట్‌లోని అల్ రాయ్ పారిశ్రామిక వాడలో లారీల బాడీలు బాగుచేసే వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పనిచేసేవాణ్ణి. మాది అమలాపురం దగ్గర పల్లె. మొత్తం పదకొండు మందిమి తెలుగువాళ్లం, సగం గోదావరి, సగం కడప. షెడ్డు వెనక ఒకే గదిలో పడక, ఒకే పొయ్యి. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దాని మీద తప్ప మాకు తగాదాలు లేవు. యజమాని వేసవికి విదేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. మా పాస్‌పోర్టులు ఆఫీసు గదిలో ఇనప బీరువాలో ఉన్నాయి. తాళం చెవి యజమాని బంధువైన ముసలి మేనేజరు జేబులో ఉంది. ఆయన్ని మేము ముదీర్ అనేవాళ్లం.

మా ఫోర్‌మన్ సాలెహ్ యెమెన్ దేశస్తుడు. అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చేసి వచ్చినవాడు. రోజూ సాయంత్రం టీ తాగేటప్పుడు, అక్కడి పాత కార్మికులు తనకు చెప్పిన కథ మాకు చెప్పేవాడు. యూనియన్ లేని రోజుల్లో గేటు దగ్గర సూపర్‌వైజరు నిలబడి నువ్వు రా, నువ్వు పో అని వేలు చూపించేవాడట. ఒక చలికాలం కార్మికులంతా మెషీన్ల పక్కనే కూర్చుని బయటికి రామన్నారట. ఆడవాళ్లు కిటికీల్లోంచి అన్నం అందించారట. ఎన్నో రోజుల తర్వాత యజమాని దిగొచ్చి బల్ల దగ్గర వాళ్లకెదురుగా కూర్చున్నాడట. ఆ కథ విని విని మాకు నోటికొచ్చేసింది. మేము కూడా యూనియన్ పెడతామంటే ఇఖామా పర్మిట్టు రద్దు చేసి విమానం ఎక్కిస్తారు చాచా అని నవ్వేవాళ్లం.

సైన్యం దిగిన మూడు వారాలకు బస్రా వెళ్లే బస్సు ఒకటి దొరికింది. మనిషికి పదిహేను దీనార్లు, ఉదయం పదకొండింటికి బయల్దేరాలి. ముందురోజు ముదీర్ ఒక మాట చెప్పాడు. తొమ్మిది మందికి పాస్‌పోర్టులిస్తాడు. లేత్ మీద ఉండే నేను, వెల్డర్ ఓబులేసు మాత్రం షెడ్డుకి కాపలా ఉండాలి. లోపల టైర్లు, ఇంజన్లు, మెషీన్లు ఉన్నాయి, కాపలా లేకపోతే ఒక్కరోజులో ఊడ్చుకుపోతారని ఆయన భయం. భయం నిజమే, పక్క షెడ్డు అప్పటికే ఖాళీ అయింది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటుంది. దాచుకోను. తెల్లవారి అయిదింటికి, అందరూ పడుకుని ఉండగా, నేను లేచి ముదీర్ దగ్గరికెళ్లి బతిమాలాను. ఆయన, "సరే, నాకు ఒక్కడు చాలు. ఓబులేసు ఉంటాడు. ఎవరికీ చెప్పకు," అని నా పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. చొక్కా లోపల పెట్టుకుని వచ్చి మళ్లీ పడుకున్నాను. నిద్ర పట్టలేదు. అయినా, నిజం చెప్పాలంటే, అప్పటికి సిగ్గు కంటే సంతోషమే ఎక్కువగా ఉంది.

ఎనిమిదింటికి మిగతా తొమ్మిది మందికీ పాస్‌పోర్టులు పంచాడు. నాకు కూడా దయతలిచి ఇచ్చేశానని ముదీరే చెప్పాడు, ఎప్పుడు ఇచ్చాడో మాత్రం చెప్పలేదు. మా వాళ్లు నా వీపు తట్టారు. ఓబులేసు మా మూటలు కట్టడంలో సాయం చేస్తూ, "మీరు పోండన్నా. నేనుంటాలే. బియ్యం ఉండాయి, ఉప్పు ఉంది, ఏం గాదు," అన్నాడు. నేను తాడు ముడి వేస్తున్నట్టు తల వంచుకున్నాను.

సాలెహ్ ఇదంతా చూస్తూ సిగరెట్టు పూర్తిచేసి, అరబ్బీ కలిసిన హిందీలో మమ్మల్ని పిలిచాడు. "రోజూ నా కథకు నవ్వేవాళ్లు కదా. ఇప్పుడు గేటు దగ్గర వేలు చూపిస్తున్నాడు, కనపడలేదా?"

"పనే లేదు కదా చాచా, ఇంక సమ్మె ఏంటి?" అన్నాన్నేను. అది అడ్డుపుల్ల వెయ్యడానికే అన్నాను.

"ఆయనకిప్పుడు మన పని అక్కర్లేదు, మన కాపలా కావాలి. అమెరికాలో వాళ్లు లోపల కూర్చున్నారు. మనం బయట కూర్చుందాం. గేటు తెరిచిపెట్టి. యల్లా, పదండి."

పదిమందిమి వెళ్లి పాస్‌పోర్టులు తిరిగి ముదీర్ బల్ల మీద పెట్టాలన్నాడు. ఒక్కొక్కరే పెట్టారు. నేను చివర నిలబడ్డాను. బల్ల మీద తొమ్మిది నీలం పుస్తకాలున్నాయి. వీధి చివర బస్సు హారన్ కొడుతోంది. ముదీర్ నన్నే చూస్తున్నాడు, నీకేం పోయేకాలం అన్నట్టు. చొక్కాలోంచి తీసేసరికి అట్ట చెమటకు తడిసిపోయి ఉంది. దాన్ని కూడా పెట్టేశాను. జీవితంలో అంత భయపడింది మళ్లీ లేదు.

"పదకొండు, లేదంటే ఏమీ లేదు," అన్నాడు సాలెహ్.

ముదీర్ కేకలేశాడు. మేము మూటలు తీసుకుని గేటు బయట, గోడ నీడన వరసగా కూర్చున్నాం. పదకొండు దాటింది. బస్సు డ్రైవరు వచ్చి మా తలలు లెక్కపెట్టి, "పదిమంది రెడీ అన్నారు కదా. పదిమందితో కూడా బస్సు నడుస్తుంది," అన్నాడు. "మాది నడవదు," అన్నాడు మా గోదావరి వాళ్లలో పెద్దవాడు. డ్రైవరు గొణుక్కుంటూ తలకి రెండు దీనార్లు ఎక్కువ ఇస్తే ఒంటిగంట దాకా ఆగుతానన్నాడు. ఒప్పుకున్నాం. ఓబులేసు వెళ్లి అతనికి టీ కూడా పెట్టుకొచ్చాడు.

పన్నెండు దాటాక ఒక సైనికుల లారీ నెమ్మదించి, తెరిచిన గేటులోంచి టైర్ల వైపు చూసుకుంటూ పోయింది. ముదీర్ బయటికొచ్చి మా పక్కనే గట్టు మీద కూలబడ్డాడు. పాపం, చెడ్డవాడు కాదు. అప్పుడు ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"నీ భయమంతా సామాను గురించే గదా ముదీర్. నేనొక్కణ్ణి ఉంటే మాత్రం తుపాకులోళ్లను ఆపుతానా? కరెంటు ఇంకా ఉంది. గేటుకు నాలుగు పక్కలా వెల్డింగ్ పెట్టిపోతా. తెరవాలంటే వాళ్లకు పగలంతా పడుతుంది. వేరే షెడ్డు చూసుకుంటారులే."

సాలెహ్ అరబ్బీలో చెప్పాడు. ముదీర్ లోపలికెళ్లి పదకొండు పాస్‌పోర్టులూ తెచ్చాడు. ఇనప పట్టీలు నేను కోసిచ్చాను, ఓబులేసు అతికించాడు. ముదీర్ స్వయంగా కేబుల్ పట్టుకున్నాడు. ఒంటిగంటన్నరకు పని ఖలాస్. డ్రైవరు అరగంట ఎక్కువ ఆగినా తిట్టలేదు, అతను కూడా నిలబడి వెల్డింగ్ చూస్తున్నాడు.

సాలెహ్ మాతో రాలేదు. ఆయన దారి వేరు, ఆయన యెమెన్ వాళ్లు వేరే లారీ మాట్లాడుకున్నారు. బస్సు మెట్టు దగ్గర మా తలలు లెక్కపెట్టి, "ఎక్కడ దిగినా ఇలాగే లెక్కపెట్టుకోండి. అదే యూనియన్," అన్నాడు. తర్వాత ఆయన ఎక్కడున్నాడో తెలియలేదు.

జహ్రా మీదుగా సరిహద్దు దాటి బస్రా చేరేసరికి రాత్రి ఏడయింది. దారిలో నాలుగు చోట్ల తనిఖీ. బస్రాలో రొట్టె, టమాటాలు దొరికాయి, ఆ రుచి మరి ఏ హోటల్లోనూ దొరకలేదు. బాగ్దాద్‌కి మరునాడు మధ్యాహ్నం, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దుకి ఇంకో రాత్రి. డేరాల్లో అయిదు రోజులు దుమ్ము తిని, అమ్మాన్‌లో మనవాళ్ల విమానం ఎక్కి బొంబాయిలో దిగాం. నీళ్ల కోసం వరస కట్టినా, టికెట్ల కోసం కట్టినా, ఓబులేసు వేలు చూపిస్తూ పదకొండు అనేవాడు. మొదట నవ్వుకున్నాం, తర్వాత అది వినకపోతే నిద్ర పట్టేది కాదు.

డేరాలో మూడో రోజు, ఓబులేసు, నేను ఇద్దరమే ఉన్నప్పుడు, తెల్లవారుజామున ముదీర్ దగ్గరికెళ్లిన సంగతి చెప్పేశాను.

"తెల్సులే అన్నా. నువ్వు లేసి పోయేటప్పుడు నేను మేలుకొనే ఉండా."

"మరి ఎవరికీ చెప్పలేదేంటయ్యా?"

"చెప్పింటే నీ మీద కోపంతో ఒగరో ఇద్దరో లేసిపోదురు. గేటు కాడ మనుసులు తక్కువయ్యేవాళ్లు గదా."

ఆ తర్వాత చాలా దేశాలు తిరిగాను. యూనియన్ల గురించి పెద్దవాళ్లు రాసినవి కొన్ని చదివాను. నాకు అర్థమైనంత వరకు ఆ పాఠం ఓబులేసు దగ్గర నేర్చుకున్నదే. అతను ఇప్పుడు రాయచోటిలో సొంత వెల్డింగ్ షాపు పెట్టుకుని హాయిగా ఉన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా పలకరింపుకి ముందు పదకొండు అంటాడు. మాలో ఇద్దరు పోయారు, అయినా ఆ లెక్క మార్చడు. నేను కూడా మార్చమని అడగను.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. బస్సెక్కే ముందు పక్కవాడిది ఎక్కడుందో కూడా అడగండి.