అమ్మ పోసిన ఇంట్లో ఆగిన మాత్ర

మా పాపకి ఆటలమ్మ పోసి తగ్గింది. ఆ రోజు ఆఖరి నీళ్ళు పోయాలి. నేను విరుదునగర్‌లో ఉండి నూనె మిల్లులో పనిచేస్తాను, సెలవు పెట్టి కోవిల్‌పట్టి ఇంటికి వచ్చాను. నా భార్య రాజలక్ష్మి వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పాప తలమీద పోస్తోంది. ఉన్నట్టుండి చెంబు జారింది. తీయబోయి అక్కడే కూలబడింది. మూతి ఒక పక్కకి పోయింది. పిలిస్తే చూస్తోంది గానీ మాట లేదు.

ఆమెకి గుండెలో వాల్వ్ మార్చి కొన్నేళ్ళయింది. అప్పటినుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పరుగెత్తే తొందరలోనూ తప్పేది కాదు. నేను గుర్తు చేస్తే వెక్కిరించేది. "కూడు మరిచినా మాత్తర మరువను మామా, బయపడొద్దు."

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. పక్కింటి మేరీ అక్క తోడు వచ్చింది. స్కాన్, రక్త పరీక్ష చేశారు. "స్ట్రోక్. ఐఎన్ఆర్ బాగా తక్కువుంది, రక్తం చిక్కగా ఉంది. మాత్ర ఎప్పుడు ఆపారు?" అన్నాడు డాక్టరు. ఆపలేదు సార్, అన్నాను గట్టిగా. మేరీ అక్క ఏడుస్తూ సంచిలోంచి మాత్రల డబ్బా తీసింది.

"పాపకి అమ్మ ఒచ్చినప్పటినుంచి నా దగ్గరే ఉండాది అన్నా. ఇంట్లో మందు ఉండకూడదని ఇచ్చె. నీళ్ళు పోసినంక తీసుకుంటా అనె."

మా ఇళ్ళలో అమ్మ పోస్తే గడపకి వేపాకు కడతాం, తాలింపు వేయం, మందు ముట్టం. బిడ్డ ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ. ముడితే అమ్మ కోపం బిడ్డ మీద పడుతుందని భయం. "ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరు కసిరాడు. ఎవరూ అనలేదు. ఇది ఒకరు చెబితే చేసేది కాదు. ఆపరేషన్ చేసినవాళ్ళు జ్వరమొచ్చినా, ఉపవాసమున్నా ఆపొద్దన్నారు. అమ్మ పోస్తే ఏం చేయాలో వాళ్ళకి తోచలేదు, మాకు అడగాలని తోచలేదు. డాక్టరు మీద, మేరీ అక్క మీద, అమ్మవారి మీద కూడా కోపం వచ్చింది. రాజలక్ష్మి మీద మాత్రం రాలేదు. బిడ్డ కోసం చేసింది.

అక్కడినుంచి ఆంబులెన్స్‌లో విరుదునగర్ పెద్దాసుపత్రికి పంపారు. "వాల్వ్ మీద క్లాట్ కట్టింది. అందులోంచి ముక్క బ్రెయిన్‌కి పోయింది" అన్నారు. ఐసీయూలో పెట్టారు. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టినప్పుడు గండం గడిచిందనుకున్నాను. అంతలో మింగలేక గంజి ఊపిరితిత్తుల్లోకి పోయింది. నిమోనియా, ముక్కులో ట్యూబ్. ఆ వరండాలో కూర్చుని, ఇంత బాధ కంటే పోవడమే మేలేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి లేవదు. ఫిజియోతెరపీకి తీసుకుపోతున్నాను, మెత్తటి అన్నం తినిపిస్తున్నాను, మాత్ర నేనే వేస్తున్నాను, చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష చేయిస్తున్నాను. "మాట ఇక పెద్దగా రాదు" అని డాక్టరు తేల్చేశాడు. ధైర్యంగా ఉన్నానని మీకు అబద్ధం చెప్పలేను.

చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో అమ్మ పోస్తే వేపాకు కట్టండి, తాలింపు మానండి, అమ్మకి మొక్కుకోండి. రోజూ వేసుకునే మాత్ర మాత్రం డాక్టరుని అడగకుండా ఒక్క పూట కూడా ఆపకండి.

మా పాప బడినుంచి రాగానే తల్లి పక్కన కూర్చుంటుంది. "నాకు అమ్మ ఒచ్చినందుకేనా నీకిట్లా అయింది?" అని అడుగుతుంది. కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. తల్లి చెబితేనే నమ్ముతుందట.